సీసా మెడలో రింగు

జూన్ 2

ఫ్యాక్టరీ మూసేసి ఇవాళ్టికి నలభై రోజులు. స్టోరు తాళాలు అప్పగించేటప్పుడు ఎవరికీ అక్కర్లేని, సరుకు ఇచ్చినప్పుడు రాసే పాత ఇష్యూ చీటీల కట్టలు రెండు అడిగి తెచ్చుకున్నాను. ఒకవైపు అచ్చు, కింద నా సంతకం. రెండోవైపు తెల్లగా ఉంది. దబ్బనంతో గుచ్చి దారం వేస్తే పుస్తకమైంది. ఇరవై రెండేళ్ళు స్టోర్‌కీపర్‌గా చేసినవాడికి ఆ మాత్రం పనితనం లేకపోతే ఎలా? ఇందులో రాసేది నాకోసం. ఎవరూ చదవరు.

మా ఆవిడ బట్టల ఫ్యాక్టరీలో కుట్టు లైను చూసుకుంటుంది. పొద్దున ఆరింటికే బయల్దేరాలి. పిల్లకి జడ వేయడం, బడికి పంపడం, మామగారి మందులు, వంట, అంట్లు అన్నీ ఇప్పుడు నావే. జడ నేర్చుకోవడానికి వారం పట్టింది. మొదటి రోజు వేసినదాన్ని మామగారు తడిమి చూసి, "ఇది జడా, తాడా అల్లుడుగారూ?" అన్నారు. ఆయన చూపు సగం పైనే పోయింది. చేత్తో తడిమితే గానీ ఏదీ నమ్మరు. నలభై ఏళ్ళు వాచీలు బాగుచేసిన వేళ్ళు అవి.

పిల్లకి ఏడేళ్ళు. ఒక్క క్షణం కుదురుగా ఉండదని ఆయన దానికి సెకన్ల ముల్లు అని పేరు పెట్టారు. ఇంట్లో అందరికీ అది ముల్లే.

జూన్ 5

చెత్త బుట్ట మూడు రోజులకి ఒకసారి నిండుతోంది. ఇదివరకు రోజూ నిండేది.

టూత్‌పేస్టు ట్యూబు కత్తిరించి తెరిస్తే ఇంకో వారం వచ్చింది. అరిగిన సబ్బు ముక్కలన్నీ కలిపి ముద్ద చేశాను. పాల కవర్లు కడిగి ఆరేస్తే పప్పులూ ఉప్పులూ పోసుకోవడానికి పనికొస్తున్నాయి. నా పాత చొక్కాలు రెండు తుడుపు గుడ్డలయ్యాయి, వాటి గుండీలు పిల్ల గౌనుకి వెళ్ళాయి. బట్టలుతికిన నీళ్ళతో బాత్రూమ్ కడుగుతున్నాను. ఆవిడ సంపాదించి తెస్తోంది, నేను పోనివ్వకుండా ఆపుతున్నాను. రెండూ ఒకటే కదా.

ఆవిడతో ఆ మాటే అంటే, "పాపం, మన చెత్తబుట్ట ఆకలితో చచ్చిపోయేలా ఉందండీ" అంది. నవ్వుతూనే అంది.

జూన్ 9

ఆవిడ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఖాళీ షర్బత్ సీసాలు పారేస్తుంటే పన్నెండు తెప్పించాను. మంచి గాజు. అన్నీ ఒకే సైజు, ఒకే తెల్ల మూత. వేడి నీళ్ళలో ఉడికించి లేబుళ్ళు ఊడబెరికాను. నూనె, వెనిగర్, మామగారి కాచిన నీళ్ళు, గిన్నెల సబ్బునీళ్ళు, ఫినాయిల్, అన్నీ వాటిలోకే. ఏదైనా విడిగా కొంటే చవక, సీసా ఖర్చు ఉండదు.

గట్టు మీద వరసగా పెట్టి కాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాను. మళ్ళీ స్టోరులో ఉన్నట్టనిపించింది.

జూన్ 11

ఇవాళ ఇంట్లో పెద్ద గొడవ.

ఆవిడ అలిసిపోయి వచ్చి, "నేను చేస్తాలెండి" అని పొయ్యి దగ్గర నిలబడి, నూనె అనుకుని సబ్బునీళ్ళు పోసింది. మూకుడు నిండా నురగ. కూర మొత్తం పారబోయాల్సి వచ్చింది. నాకు నవ్వొచ్చింది. నవ్వకుండా ఉండాల్సింది.

"నవ్వుతారా? రేపు మా నాన్న తాగితే? ఆయనకి కనపడదని తెలుసు కదా మీకు! ఇంకొక్క సీసా తారుమారైతే నాన్ననీ పిల్లనీ తీసుకుని వెళ్ళిపోతాను. మీరూ మీ సీసాలూ ఉండండి ఇక్కడ."

పిల్ల తలుపు సందులోంచి వింటోంది. ఆవిడ కోపంలో అన్న మాటలు లెక్కపెట్టకూడదు. అయినా అన్నం సహించలేదు.

జూన్ 12

పరిష్కారం దొరికింది. ఇంత తేలికని ముందే తట్టలేదు.

పాత సైకిల్ ట్యూబు కత్తెరతో అడ్డంగా కోశాను, వేలెడు వెడల్పున నల్ల రింగులు. తాగకూడనివి, తినకూడనివి ఏ సీసాలో ఉన్నా దాని మెడకి రింగు. రింగు లేని సీసా అంటే నిశ్చింతగా నోట్లో పోసుకోవచ్చు. ట్యూబుకి చిల్లులు ఎక్కువ, బాగున్న ముక్కలో మూడే వచ్చాయి. సబ్బునీళ్ళకీ ఫినాయిల్‌కీ పోను ఒకటి మిగిలింది.

మామగారిని కూర్చోబెట్టి పరీక్ష పెట్టాను. ఆరు సీసాలు కలిపేసి ఇచ్చాను. ఒక్కొక్కదాని మెడ చూపుడు వేలితో తడిమి, "ఇది తాగొచ్చు. ఇది కూడదు. ఇది కూడదు" అని చకచకా చెప్పేశారు. ఒక్కటి తప్పితే ఒట్టు. పిల్ల చప్పట్లు కొట్టింది.

"ఇంక నాకు కళ్ళెందుకు అల్లుడుగారూ, మీ రింగులుండగా" అన్నారు.

ఆవిడ సీసాలు తీసి పారేయమని మాత్రం అనలేదు. గెలిచినట్టే.

జూన్ 13

బాత్రూమ్‌కి యాసిడ్ విడిగా కొన్నాను. సగానికి పైగా నీళ్ళు కలిపితే రెండింతలు వస్తుంది, పనీ జరుగుతుంది. సీసాలో పోసి, మిగిలిన రింగు వేసి, సింకు కింద వెనకాల పెట్టాను.

మామగారికి జలుబు. తుమ్ములతో ఇల్లు అదిరిపోతోంది.

జూన్ 14, శనివారం, పొద్దున

పిల్ల జడ బ్యాండు దువ్వుతుంటేనే తెగింది. ఇల్లంతా వెతికితే ఇంకోటి లేదు. బడికి టైమైపోతోంది. యాసిడ్ సీసా మీద రింగు కాస్త వదులుగా ఉంది, జుట్టు పీకదు. అది తీసి వేశాను. "భలే ఉంది నాన్నా, చక్రం పెట్టుకున్నట్టు" అని గెంతుకుంటూ వెళ్ళింది.

సైకిల్ షాపులో ఇంకో పాత ట్యూబు అడగాలి. సాయంత్రం కొత్త రింగు కోసి సీసాకి వేసేయాలి.

జూన్ 15

మామగారు ఆసుపత్రిలో ఉన్నారు. రాయలేను.

జూన్ 16

రాస్తే తల తేలికవుతుందేమో.

శనివారం పిల్లకి ఒంటిపూట బడి. వచ్చి, తిని, వరండాలో బొమ్మలు వేసుకుంటోంది. రెండున్నరకి సింకు కొళాయికి పట్టిన ఉప్పు వదిలిద్దామని యాసిడ్ సీసా బయటికి తీశాను. పాత టూత్ బ్రష్షుతో రుద్దుతుంటే ఫోను మోగింది. ఒక గోడౌను వాళ్ళు. స్టోర్‌కీపర్ కావాలి, ఇరవై నాలుగున వచ్చి కలవమని. యాభై రోజులుగా ఎదురు చూసిన ఫోను. వంటింట్లో మాట సరిగ్గా వినపడదని వరండాలోకి వెళ్ళాను. సీసా గట్టు మీదే ఉండిపోయింది, మామగారి నీళ్ళ సీసా పక్కనే.

ఆయన నీళ్ళ కోసం వచ్చారు. జలుబుతో ముక్కు పూర్తిగా మూసుకుపోయింది, వాసన తెలియలేదు. సీసా మెడ తడుముకునే ఉంటారు. తడమకుండా ఆయన ఏదీ తాగరు.

ఒక్క గుక్క. వెంటనే ఉమ్మేశారు. ఆయన గొంతులోంచి వచ్చిన చప్పుడు నేనింతవరకూ ఏ మనిషి దగ్గరా వినలేదు.

ఆసుపత్రి వరండాలోకి ఆవిడ ఫ్యాక్టరీ యూనిఫామ్‌తోనే పరుగెత్తుకొచ్చింది. ఏం తాగారో చూపించమంటే నేను సీసా పట్టుకెళ్ళాను. ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని మెడ చూసింది. "దీని రింగేది?" అంది. నేను నోరు తెరిచేలోపే పిల్ల జడ కనపడింది ఆవిడకి.

"ఇది నీ జడలోకి ఎలా వచ్చిందే?"

పిల్ల నా వైపు చూసింది. నేను, "పొద్దున నేను మామూలు బ్యాండే వేశాను. బడిలో తెగిపోయి ఉంటుంది. ఇంటికొచ్చాక ఇది తీసి పెట్టుకుందేమో" అన్నాను.

పెట్టుకుందేమో అన్నాను. పెట్టుకుంది అనలేదు.

ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని దాని రెండు భుజాలూ పట్టుకుని, "నువ్వేనా?" అంది. పిల్ల నా మొహంలోకే చూస్తూ, "అవునమ్మా. నేనే తీశాను" అంది.

సీసా బయట వదిలేసింది నేనేనని వెంటనే ఒప్పుకున్నాను. దాచలేదు. అందరి ముందూ చెప్పాను.

జూన్ 17

డాక్టరు ఫొటో చూపించాడు. గొంతులో, కిందకి వెళ్ళే గొట్టంలో పుళ్ళు. ముక్కులోంచి ట్యూబు వేసి పాలు, జావ పంపిస్తున్నారు. మాట్లాడకూడదు. మూడు వారాల తర్వాత మళ్ళీ చూస్తేగానీ గొట్టం మూసుకుపోతుందో లేదో చెప్పలేమన్నాడు.

"నీళ్ళు కలపకుండా ఉండి ఉంటే ఈ మాత్రం కూడా మాట్లాడుకునేవాళ్ళం కాదు" అన్నాడు.

నీళ్ళు కలిపింది నేను. ఆవిడకి చెప్పాను, డాక్టరు ఇలా అన్నాడని. ఆవిడ నా వైపు అలా చూసి లేచి వెళ్ళిపోయింది. చెప్పకుండా ఉండాల్సింది. కానీ అది నిజమే కదా.

జూన్ 18

పిల్ల ఆసుపత్రికి రానంటోంది. తాతయ్య దగ్గరికి వెళ్దామంటే మంచం కింద దూరింది. ఆవిడ దాన్ని తిట్టలేదు, కొట్టలేదు. "తెలియక చేశావు తల్లీ" అని దగ్గరికి తీసుకుంది. కాబట్టి దానికేం నష్టం జరగలేదు. పిల్లలు తొందరగా మర్చిపోతారు.

ఇదే నేనైతే ఆవిడ వెళ్ళిపోయేది. పదకొండో తారీఖున చెప్పింది కూడా.

జూన్ 19

రేపు చెప్తాను.

జూన్ 20

ఇవాళ కుదర్లేదు. ఆవిడకి తలనొప్పి. పైగా ఆసుపత్రి నుంచి సరాసరి డ్యూటీకి వెళ్ళింది. ఇలాంటి మాటకి స్థిమితంగా కూర్చునే సమయం కావాలి.

జూన్ 21

పిల్ల ఏ గ్లాసు ఇచ్చినా, "నువ్వు ముందు తాగు నాన్నా" అంటోంది. నేను ఒక గుక్క తాగి ఇస్తే, కాసేపు నా మొహం చూసి, అప్పుడు తాగుతోంది. పాలైనా అంతే. ఇదేదో కొత్త ఆట.

నిజానికి ఆ రోజు పొద్దున ఏ బ్యాండు వేశానో నాకు స్పష్టంగా గుర్తులేదు. హడావిడిగా ఉంది. టైమైపోతోంది. మామూలు బ్యాండు వేసి ఉండొచ్చు కూడా. పిల్లే తీసి ఉండొచ్చు. అది ఒప్పుకుంది కదా, ఊరికే ఎవరైనా ఒప్పుకుంటారా?

ఈ పుస్తకంలో వెనక్కి తిప్పితే తెలుస్తుంది. తిప్పను. ఏముంటుందిలే అందులో.

జూన్ 22

జడ వేయబోతే తల వెనక్కి లాక్కుంది. జుట్టు విరబోసుకుని తిరుగుతోంది. ఆదివారమేగా అని వదిలేశాను.

జూన్ 23

మామగారిని ఇంటికి తెచ్చాం. ముక్కుకి ట్యూబు, మెడ సన్నబడింది. మాట్లాడకూడదు కాబట్టి పిల్ల పాత పలకా సుద్దముక్కా ఇచ్చాం. కనపడకపోయినా పెద్ద పెద్ద అక్షరాలు రాయగలరు. మంచం మీద కూర్చోగానే రాసిన మొదటి మాట: ముల్లు ఏది?

ముల్లు గుమ్మం బయట గోడకి ఆనుకుని కూర్చుంది. లోపలికి రాలేదు. నేను చెయ్యి పట్టి లాగితే గుమ్మం చెక్క పట్టుకుని వదల్లేదు. ఏడవలేదు, అరవలేదు. గట్టిగా పట్టుకుంది, అంతే. దాని వేళ్ళు తెల్లబడిపోయాయి.

ఆయన పలక అలాగే ఎత్తి పట్టుకుని కూర్చున్నారు. ఎదురుగా ఎవరున్నారో ఆయనకి కనపడదు. నేను చూడలేక వంటింట్లోకి వచ్చేశాను.

జూన్ 24

గోడౌనుకి వెళ్ళొచ్చాను. ముగ్గురు కూర్చున్నారు. సరుకు ఎలా సర్దుతారు, రసాయనాలు ఎక్కడ పెడతారు, గుర్తులు ఎలా వేస్తారు, అన్నీ అడిగారు. తడుముకోకుండా చెప్పాను.

చివర్లో పెద్దాయన అడిగాడు: "తప్పు సరుకు వెళ్ళి ఎవరికైనా దెబ్బ తగిలిందనుకోండి. మీ దగ్గర ఒక హెల్పరు ఉన్నాడు. బాధ్యత ఎవరిది?"

"స్టోర్‌కీపర్‌దే సార్. ఎవరి చేతులమీదుగా వెళ్ళినా చీటీ మీద సంతకం నాది."

ముగ్గురూ తలలూపారు. రెండ్రోజుల్లో ఫోను చేస్తామన్నారు.

బస్సులో వస్తూ ఆ మాటే పదే పదే అనుకున్నాను. మంచి జవాబు.

జూన్ 25

రేపు. రేపు తప్పకుండా.

జూన్ 26

బడి నుంచి ఫోను. పిల్ల కళ్ళు తిరిగి పడిపోయింది.

టీచరు చెప్పింది: "పది రోజులుగా బడిలో ఒక్క చుక్క నీళ్ళు తాగట్లేదండీ. సీసా నింపి పంపితే నింపినట్టే తీసుకెళ్తోంది. తాగమంటే ఎవరైనా ముందు తాగాలంటుంది. ఎండలో ఆడించాను, నాదే పొరపాటు." ఎవరో టీచరమ్మ, తనది కాని పొరపాటుని అంత తేలిగ్గా తన మీద వేసుకుంది.

ఇంటికి రోజూ సీసా ఖాళీగా వస్తోంది కదా అనుకున్నాను. వచ్చే దారిలో మొక్కలకి పోసేస్తోందట.

డాక్టరు దగ్గర సెలైన్ ఎక్కించారు. సూది గుచ్చినా కిక్కురుమనలేదు. డాక్టరమ్మ బుజ్జగించి అడిగింది, నీళ్ళంటే ఎందుకు భయమని. పిల్ల పైకప్పు చూస్తూ చెప్పింది:

"నేను ముట్టుకుంటే తప్పు సీసా అయిపోతుంది. తాతయ్యకి అలాగే అయింది."

ఆవిడ దాని తల ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తోంది. నేను సెలైన్ చుక్కలు చూస్తూ నిలబడ్డాను. ఇప్పుడు కూడా చెప్పలేదు. నేనెలాంటి మనిషిని?

జూన్ 27

పొద్దున ఈ పుస్తకం వెనక్కి తిప్పాను.

జూన్ 14, శనివారం, పొద్దున. నా చేతి రాతే. ఒక్క అక్షరం కూడా తడబడలేదు. అది తీసి వేశాను, అని ఉంది. చింపేద్దామని చెయ్యి వెళ్ళింది. కాగితం తిప్పితే ఇష్యూ చీటీ, కింద నా సంతకం. చింపలేకపోయాను.

ఆవిడ ఇవాళ సెలవు పెట్టింది. మామగారికి ట్యూబులో పాలు పోస్తోంది. పిల్ల ఎప్పట్లాగే గుమ్మం బయట గోడకి ఆనుకుని ఉంది. నేను గుమ్మంలో నిలబడ్డాను, ముగ్గురికీ వినపడేలా.

"ఆ రింగు తీసింది పిల్ల కాదు. నేను."

ఆవిడ చేతిలో గ్లాసు ఆగింది.

"పొద్దున దాని బ్యాండు తెగితే నేనే యాసిడ్ సీసా మీది రింగు తీసి జడకి వేశాను. సాయంత్రం ఇంకోటి వేద్దామనుకున్నాను. మధ్యాహ్నం ఆ సీసానే బయట వదిలేశాను. ఆసుపత్రిలో అబద్ధం చెప్పాను. పిల్లకి ఏ పాపం తెలియదు."

అంతే. ఇన్ని రోజులు గొంతులో పట్టుకున్నది చెప్పడానికి అర నిమిషం కూడా పట్టలేదు.

ఆవిడ పాలు పోయడం పూర్తి చేసింది. ట్యూబు బిరడా పెట్టింది. చేతులు తుడుచుకుంది. అప్పుడు తిరిగింది.

"నిన్న అది బెడ్ మీద పడుకుని ఆ మాట అంటుంటే కూడా నిలబడి చూశారు మీరు."

"అవును."

"నిన్న కూడా."



మామగారు పలక అందుకున్నారు. సుద్దముక్క రెండుసార్లు విరిగింది. రాసి నా వైపు తిప్పారు. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆయన నన్ను ఎప్పుడూ మీరు అనే అన్నారు.

నా గొంతు సంగతి వదిలెయ్. పిల్ల మీదికి ఎలా తోశావు నువ్వు?

సిగ్గుతో చచ్చిపోయాను. వెనక్కి తిరిగి గుమ్మం దగ్గరే పిల్ల ముందు కూర్చుండిపోయాను.

"నేను తీసిందానికి నువ్వు తీశానని ఎందుకు చెప్పావే?"

అది గౌను అంచు నలుపుతూ, బడిలో లెక్క చెప్పినట్టు చెప్పింది: "ఇంకో సీసా తారుమారైతే అమ్మ వెళ్ళిపోతానంది కదా. నువ్వు తీస్తే వెళ్ళిపోతుంది. నేను తీస్తే వెళ్ళదు. నేను చిన్నపిల్లని కదా."

నాకంటే ముందే అన్నీ ఆలోచించేసింది. నాలాగే ఆలోచించింది. కాకపోతే నేను నాకోసం, అది నాకోసం.

"నువ్వు తీయలేదమ్మా. నువ్వు ముట్టుకున్న సీసా ఏదీ తప్పు సీసా కాదు. తప్పంతా నాన్నది."

"నిజంగా?"

"నిజంగా."

లోపలికి తొంగి చూసింది. చాలా నెమ్మదిగా అడిగింది:

"అయితే నేను తాతయ్య దగ్గరికి వెళ్ళొచ్చా?"

నేను తల ఊపానో లేదో కూడా తెలియదు. నా పక్కనుంచి దూసుకుపోయింది. మంచం చప్పుడు వినపడింది, ఆయన చేతిలోంచి పలక కింద పడ్డ చప్పుడు వినపడింది. నేను గోడ వైపే మొహం పెట్టుకుని ఏడ్చాను.

జూన్ 28

ఆవిడ పన్నెండు సీసాలూ గోనెసంచిలో వేసి చెత్తబండికి ఇచ్చేసింది. నూనెతో సహా. మిగిలిన రెండు రింగులు కత్తెరతో ముక్కలు చేసింది. పాల కవర్లు, సబ్బు ముద్ద, చొక్కా గుడ్డల జోలికి పోలేదు.

"వెళ్ళిపోతావా?" అని అడిగాను.

"నాన్నకి ట్యూబుంది. పిల్ల చేత నీళ్ళు తాగించాలి. ఇప్పుడెక్కడికి వెళ్తాను?" అంది. దువ్వెన తీసుకుని, "పిల్ల జడ నేను వేస్తాను. మీరు ముట్టుకోకండి" అంది.

జూలై 1

గోడౌను నుంచి ఫోను. ఉద్యోగం వచ్చింది. పద్నాలుగు నుంచి రమ్మన్నారు.

ఇంట్లో చెప్పాను. మంచిదండీ అంది ఆవిడ. ఇవాళ మా ఇద్దరి మధ్యా అదొక్కటే మాట.

జూలై 3

పిల్ల తాతయ్య మంచం మీదే కూర్చుని హోంవర్క్ చేస్తోంది. ఆయన పలక మీద ప్రశ్నలు రాస్తే ఇది నోటితో జవాబు చెప్తోంది, ఆయనకి చెవులు బాగానే ఉన్నాయని మర్చిపోయి అరుస్తోంది.

నీళ్ళు మాత్రం ఇంకా అంతే. ఎవరైనా ముందు తాగాలి. అమ్మ తాగితే సరే. తాతయ్య తాగలేరు. నేను తాగి ఇస్తే గ్లాసు పక్కన పెట్టేస్తోంది.

జూలై 8

మామగారికి మళ్ళీ చూశారు. గొట్టం కొంత సన్నబడింది. నెలకోసారి వెడల్పు చేయించుకోవాలి, ఎన్నాళ్ళో చెప్పలేరట. ముక్కులో ట్యూబు తీసేశారు. మాట వస్తోంది. ఇసుకలో నడిచినట్టు గరగరమంటోంది.

ఇంటికొచ్చాక నన్ను పిలిచారు. మళ్ళీ మీరు అన్నారు. "అల్లుడుగారూ, కాసిని నీళ్ళు" అన్నారు. తెచ్చి ఇచ్చాను, కొత్తగా కొన్న స్టీలు గ్లాసులో. ఆయన గ్లాసు అంచంతా వేలితో చుట్టూ తడిమారు. తడిమాక కూడా కొంచెం సేపు అలాగే పట్టుకుని కూర్చున్నారు. పిల్ల చూస్తోంది. నేనూ చూస్తున్నాను.

తాగారు. చిన్న గుక్క, మింగడానికి మొహం అంతా ముడతలు పడింది. తర్వాత గ్లాసు పిల్లకి అందించారు. అది తాగేసింది, అడుగుదాకా.

జూలై 12, శనివారం

ఎల్లుండి నుంచి నేను కూడా ఆరింటికే వెళ్ళాలి. ఆవిడ పిల్లని పక్కింటావిడ దగ్గర దింపి వెళ్ళే ఏర్పాటు చేసింది.

ఇవాళ ఆవిడ వెళ్ళాక అంట్లు తోముతున్నాను. వెనకాల అలికిడైతే తిరిగి చూశాను. పిల్ల. జుట్టు విరబోసుకుని, చేతిలో దువ్వెన. అమ్మ జడ వేసి వెళ్ళలేదా అని అడిగాను. వెళ్ళింది, నేనే విప్పేశాను, అంది. నా ముందు పీట వేసుకుని వీపు తిప్పి కూర్చుంది.

చేతులు తుడుచుకుని కూర్చున్నాను. ఎన్ని రోజులైందో. పాయలు తీసి అల్లుతుంటే వేళ్ళు మాట వినలేదు, రెండుసార్లు విప్పి మళ్ళీ మొదలుపెట్టాను. అది కదలకుండా కూర్చుంది.

చివరికి వచ్చేసరికి, బ్యాండు కోసం నేను చెయ్యి చాచకముందే, తన గుప్పిట తెరిచి భుజం మీదుగా నాకు చూపించింది. ఎర్రటి బ్యాండు, ఇంకా అట్టముక్కకి గుచ్చి ఉంది.

"ఇది ఏ సీసాదీ కాదు నాన్నా" అంది. "కొత్తది."